పాలిగ్రాఫ్ పరీక్ష చేసే ఉద్యోగంలో మన పిల్లలు చేరవచ్చా?

అమలాపురం నుంచి
మా అక్క కూతురు సైకాలజీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే మెషిన్ అంటారే, అది) విభాగం నుంచి పిలుపు వచ్చింది. కేసుల్లో అనుమానితులను కూర్చోబెట్టి, ప్రశ్నలు వేసి, జవాబులు నమ్మవచ్చో లేదో రిపోర్టు రాయాలి. నేరస్తుల మధ్య ఆడపిల్లకు ఉద్యోగమేమిటని మా బావగారి బెంగ. నా బెంగ వేరు. ఆ మెషిన్ చెప్పింది తప్పయితే, మా పిల్ల సంతకంతో ఒకరి పరువు పోతుంది కదా? తెలిసినవాళ్ళు చెప్పండి. ఆదివారంలోగా జవాబివ్వాలి.

భీమవరం దగ్గరి పల్లె నుంచి
చేరవద్దనే అంటాను. మా వైపు ఒక సహకార సంఘంలో తాకట్టు బంగారం మాయమైంది. లాకర్ గది ఊడ్చే కుర్రాడు మా వీధివాడే. పరీక్షకు ఒప్పుకుంటావా అని అడిగారు. వద్దంటే "తీశావు కాబట్టే భయం" అంటారని ఒప్పుకున్నాడు. అతని జవాబులు నమ్మదగినవి కావని రిపోర్టు వచ్చింది. ఆర్నెల్ల తర్వాత నగలు వేరే ఉద్యోగి బంధువుల ఇంట్లో దొరికాయి. ఈలోపు కుర్రాడికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. వాళ్ళమ్మ ఇప్పటికీ చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తుంది, రామాలయం వీధిలోకి రాదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని చెప్పుకుంటాం. పదిమందీ ముందే తన భుజాల వైపు చూస్తుంటే ఏ పాపం తెలియనివాడూ తడుముకుంటాడండి. ఆ మెషిన్ ఆ తడుముకోవడాన్నే లెక్కపెడుతుంది.

కాకినాడ నుంచి
పదకొండేళ్ళు ఈ పని చేసి మానేశాను. ఆ కుర్రాడి సంగతి చదివాక నిద్ర పట్టలేదు. నేను రాసిన రిపోర్టుల్లోనూ అలాంటిది ఉండి ఉండవచ్చు. అందుకే దాచకుండా చెబుతాను.

మెషిన్ అబద్ధాన్ని పట్టదు. ఛాతీకి, పొట్టకు కట్టిన గొట్టాలు ఊపిరిని కొలుస్తాయి. చేతికి చుట్టిన పట్టీ రక్తపోటును, నాడిని కొలుస్తుంది. వేళ్ళకు తొడిగిన సెన్సర్లు చెమటను చూస్తాయి. అంతే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా. నీరు పెరిగిందని ఆ అంకె చెబుతుంది. అది శబరి నీరో, ఇంద్రావతి నీరో, ప్రాణహిత నీరో చెప్పదు. మా గ్రాఫ్ కూడా టెన్షన్ పెరిగిందనే చెబుతుంది. అది తప్పు చేసిన భయమో, పని పోతుందన్న భయమో, పోలీసులను చూసిన భయమో దానికి తెలియదు.

ఆ తేడా కోసమే పోలిక ప్రశ్నలు వేస్తాం. "బంగారం మీరు తీశారా" అన్నదాని పక్కన "ఇదివరకు ఎప్పుడైనా మీది కాని వస్తువు తీసుకున్నారా" అని ఒకటి ఉంటుంది. దొంగ మొదటిదానికి ఎక్కువ కదులుతాడని, దొంగ కానివాడు రెండోదానికి ఎక్కువ తడబడతాడని లెక్క. అసలు ప్రశ్న వినగానే గుండె జల్లుమనే పేదవాడి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. మీ కుర్రాడి విషయంలో అదే జరిగి ఉంటుంది.

పనంతా ముందు మాట్లాడే గంట, గంటన్నరలోనే ఉంది. రాత్రి నిద్రపోయాడా, ఏ మందులు వాడుతున్నాడు, ఎవరైనా కొట్టారా అని కనుక్కోవాలి. ప్రతి ప్రశ్నా అతని యాసలో ముందే చదివి వినిపించాలి. "తీశారా" అంటే, ఊడ్చేటప్పుడు పెట్టె జరపడానికి తీసిన సంగతి గుర్తొచ్చి తడబడే మనిషి ఉంటాడు. "ఏదో ఒకటి తేల్చి పంపండి" అని ఎవరు ఫోన్ చేసినా, తేలనిదాన్ని తేలలేదనే రాయాలి. ఆ గుండె ఉన్న పిల్ల అయితే చేరాలనే నా మాట. తను వద్దనుకున్నంత మాత్రాన ఆ కుర్చీ ఖాళీగా ఉండదు.

రాజమహేంద్రవరం నుంచి, వకీలును
చట్టం సంగతి చెబుతాను. బలవంతంగా ఈ పరీక్ష చేయడం రాజ్యాంగంలోని 20(3) (తన మీద తానే సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ణి బలవంతపెట్టకూడదు), 21 (ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ) అధికరణాలకు విరుద్ధమని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానంతటది సాక్ష్యం కాదు. దానివల్ల తర్వాత ఏదైనా బయటపడితే దానికే విలువ. మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సమ్మతిని మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి, వకీలును కలిసే వీలుండాలి.

భీమవరం దగ్గరి పల్లె నుంచి
కోర్టులో చెల్లదు, సరే. ఊళ్ళో చెల్లింది కదండీ! మేజిస్ట్రేట్ ముందు కూడా అతను సరేనన్నాడు. ఆ "సరే" వెనుక ఉన్న భయాన్ని ఎవరు కొలుస్తారు?

కాకినాడ నుంచి
ఎవరూ కొలవరండి. అందుకే పరీక్ష గదిలో, పోలీసులు బయట ఉన్నప్పుడు, "ఇష్టం లేకపోతే ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు" అని మళ్ళీ చెప్పాలి. అలా చెబితే లేచి వెళ్ళినవాళ్ళున్నారు, పైవాళ్ళతో మాటలూ పడ్డాను. కానీ మొదటి నాలుగేళ్ళు నేనూ చెప్పలేదు.

అమలాపురం గారూ, అక్కడ ఉద్యోగుల స్క్రీనింగ్ కూడా చేయిస్తారేమో అడగండి. ఏ నేరమూ జరగకుండానే అందరినీ కూర్చోబెట్టి నమ్మకస్తులను ఏరడం అది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2003లో ఒక లెక్క వేసింది. 10,000 మందిలో 10 మంది గూఢచారులుంటే, వాళ్ళలో 8 మంది దొరికేలా పరీక్ష పెడితే, దాదాపు 1,600 మంది నిర్దోషులూ ఫెయిలవుతారు. మరోవైపు అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో ఉంటూ సోవియట్లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ, 1991లోనూ ఈ పరీక్ష పాసయ్యాడు. ఆ పనికైతే వద్దని నేనే చెబుతాను.

అమలాపురం నుంచి
అన్నీ పిల్లకు చదివి వినిపించాను, బావగారూ విన్నారు. చేరేముందు రెండు విషయాలు అడుగుతానంది. "తేలలేదు" అని రాస్తే ఆ రిపోర్టు అలాగే పంపుతారా? లేచి వెళ్ళినవాళ్ళ మీద అనుమానం రాకుండా ఏం చేస్తారు? భీమవరం అన్నగారూ, ఆ కుర్రాడితో ఒకసారి మాట్లాడాలని ఉందట. అడిగి చూడగలరా? వద్దంటే మళ్ళీ అడగం.

భీమవరం దగ్గరి పల్లె నుంచి
అడుగుతానండి. ఇప్పుడు రొయ్యల హేచరీలో పని చేస్తున్నాడు, రాత్రి పదింటికి గానీ ఫోన్ ఎత్తడు.