ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఒకే నవంబర్‌లో రెండుసార్లు ఎందుకు ఆడాయి?

హిల్స్‌బరో_నాన్న:

అందరికీ నమస్కారం. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు కొందరున్నారని చూసి అడుగుతున్నాను. మేము పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాం. మా అమ్మాయి 2023లో ఒరెగన్ స్టేట్‌లో చేరింది, అక్కడి మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తుంది. అంతకుముందు నాకు ఈ ఆటలో ఓనమాలు కూడా రావు, ఇప్పుడు మాత్రం ఆ కాలేజీ ఉన్న కార్వాలిస్‌లో గేమ్ ఉందంటే శనివారం పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని నేనూ మా ఆవిడా బయలుదేరాల్సిందే.

నా ప్రశ్న ఇది. 2025 నవంబర్ 1న మా రీసర్ స్టేడియంలో వాషింగ్టన్ స్టేట్ మీద 10-7తో గెలిచాం. సీజన్ మొత్తం మీద మాకు దక్కినవి రెండే విజయాలు, అందులో అదొకటి, అందుకే ఆ రోజు మర్చిపోలేను. నాలుగు వారాలు తిరిగేసరికి నవంబర్ 29న మళ్లీ అదే జట్టుతో, ఈసారి వాళ్ల ఊరు పుల్‌మన్‌లో ఆడి 32-8తో ఓడిపోయాం. ఒకే సీజన్‌లో ఒకే జట్టుతో రెండుసార్లా? మధ్యలో టెక్సస్ నుంచి శామ్ హ్యూస్టన్ వచ్చింది, మేము ఓక్లహోమాలో టల్సా దాకా వెళ్లాం, అంతకుముందు నార్త్ కరోలినా కొండల్లో అపలాచియన్ స్టేట్‌కి వెళ్లాం, పెన్సిల్వేనియా నుంచి లాఫయెట్ అనే చిన్న కాలేజీ వచ్చింది. 40 మైళ్ల దూరంలో యూజీన్‌లో ఉన్న ఒరెగన్ యూనివర్సిటీతో గేమ్ మాత్రం సెప్టెంబర్‌లోనే అయిపోయింది. అది ఒకప్పుడు నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ రోజుల్లో జరిగేదని, ఊరంతా ఏడాది పొడుగునా దానికోసమే ఎదురుచూసేదని ఇక్కడి పాతవాళ్లు చెబుతుంటే మనసుకి కష్టంగా ఉంది.

పై స్థాయిలోనే 136 జట్లు ఉన్నాయి కదా, 12 గేములు కుదుర్చుకోవడం అంత కష్టమా? డబ్బు లేకా, లేక ఎవరూ రామంటున్నారా?

పలూస్_పాతకాపు:

అన్నా, నేను వాషింగ్టన్ స్టేట్‌లో ఎమ్మెస్ చేశాను, కాబట్టి అవతలి పక్షం అనుకోండి, కానీ ఈ విషయంలో మనిద్దరిదీ ఒకే బాధ.

జట్లు 136 ఉన్న మాట నిజమే. అక్టోబర్, నవంబర్ శనివారాలు మాత్రం ఆ జట్ల చేతిలో లేవు. ఏ స్కూలైనా ఏడాదికి 12 గేములు ఆడుతుంది, అందులో 8 లేదా 9 కాన్ఫరెన్సే, అంటే ఆ స్కూలు చేరి ఉన్న లీగే, కుదిర్చి పెడుతుంది, స్కూలు సొంతంగా చూసుకోవాల్సినవి మూడో నాలుగో. ఆ మూడు నాలుగూ కొన్నేళ్ల ముందే సంతకాలైపోతాయి, ఎక్కువగా సెప్టెంబర్‌లోనే పడతాయి. సెప్టెంబర్ దాటాక అందరూ సొంత కాన్ఫరెన్స్ గేముల్లో మునిగిపోతారు. మాఘమాసంలో ఫంక్షన్ హాలు వెతికినట్టు ఉంటుంది పరిస్థితి. ఊళ్లో హాళ్లు బోలెడు, ఆ ముహూర్తానికి ఖాళీగా ఉన్నది ఒక్కటీ ఉండదు. మీకు దొరికేది ఎవరంటే, అదే వారం వాళ్ల కాన్ఫరెన్స్‌లో ఖాళీ వచ్చిన జట్టు, అది ఎక్కడుంటే అక్కడికి పోవాలి, లేదా వాళ్లకి డబ్బిచ్చి రప్పించుకోవాలి. యూజీన్ గేమ్ సెప్టెంబర్‌కి జరిగిపోవడానికి కూడా కారణం అదే. ఒరెగన్ ఇప్పుడు బిగ్ టెన్ అనే వేరే కాన్ఫరెన్స్‌లో ఉంది, వాళ్ల నవంబర్ వాళ్లది కాదు.

మన కాన్ఫరెన్స్ ప్యాక్-12 ఎంత తొందరగా ఖాళీ అయిపోయిందో గుర్తు చేసుకోండి. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తున్నామన్నాయి. 2023 జులైలో కొలరాడో బిగ్ 12కి వెళ్తానంది. ఆగస్ట్ 4న ఒక్క రోజులో ఐదు పోయాయి, ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యుటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ) ఏసీసీలోకి, అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోకి. పసిఫిక్ తీరంలో ఉన్న కాలేజీలు అట్లాంటిక్ పేరున్న కాన్ఫరెన్స్‌లోకి! మిగిలినవి మనవి రెండే. మనం కాన్ఫరెన్స్‌ని వదల్లేదు, పదిమందీ మనల్ని వదిలేశారు. 2024 సీజన్‌కి ఏడాది కూడా లేదు, చేతిలో ఉన్నవి సెప్టెంబర్ గేములు మాత్రమే.

పోనీ చిన్న కాలేజీలతో నింపేద్దామంటే అదీ కుదరదు. లాఫయెట్ లాంటి ఎఫ్‌సీఎస్ (కింది స్థాయి) జట్ల మీద ఎన్ని గెలిచినా, సీజన్ చివర్లో బాగా ఆడిన జట్లకి దక్కే బౌల్ గేమ్‌కి కావాల్సిన ఆరు విజయాల్లో ఒక్కటే లెక్కలోకి వస్తుంది. అలాంటప్పుడు మీ నవంబర్ 1, నవంబర్ 29 ఖాళీలూ మా ఖాళీలూ ఒకటే అయితే ఇంకేం చేస్తారు, రెండుసార్లు ఆడుకున్నారు. ఇదేం కొత్త కాదు కూడా. న్యూ మెక్సికో స్టేట్‌ని సన్ బెల్ట్ కాన్ఫరెన్స్ 2017 సీజన్ తర్వాత పంపేస్తే, 2018లోనూ 2019లోనూ వాళ్లు లిబర్టీతో ఇలాగే ఇక్కడొకటి అక్కడొకటి ఆడారు.

హిల్స్‌బరో_నాన్న:

చాలా థాంక్స్ తమ్ముడూ, ముహూర్తాల పోలికతో ఒక్కసారిగా అర్థమైంది. మరి 2024లో ఇంత అవస్థ పడలేదు కదా? ఆ ఏడాది ఎక్కువగా పడమటి జట్లతోనే ఆడినట్టు గుర్తు.

పలూస్_పాతకాపు:

అది డబ్బిచ్చి కొనుక్కున్న షెడ్యూల్. 2023 డిసెంబర్‌లో మౌంటెన్ వెస్ట్ అనే పడమటి కాన్ఫరెన్స్‌తో ఒప్పందం కుదిరింది, మీకు ఆరు, మాకు ఆరు గేములు, రెండు స్కూళ్లూ కలిపి సుమారు కోటి 40 లక్షల డాలర్లు. దగ్గర దూరాలు, తెలిసిన జట్లు, బాగానే గడిచింది. కాకపోతే ఆ గేములు మౌంటెన్ వెస్ట్ పట్టికలో లెక్క కావు. మేము ఆ ఏడాది 8-1 (ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి) దాకా వెళ్లాం, సియాటిల్‌లో వాషింగ్టన్‌ని 24-19తో ఓడించాం, అయినా ఏ చాంపియన్‌షిప్ గేమూ మా కోసం లేదు. ఆ తర్వాత వరసగా మూడు ఓడిపోయాం, న్యూ మెక్సికో చేతిలో, మీ చేతిలో, వయోమింగ్ చేతిలో. నవంబర్‌లో ఆడటానికి ఏదైనా పెద్ద గురి ఉండి ఉంటే అంత జారిపోయేవాళ్లం కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ ఒప్పందాన్ని 2025కి పొడిగించే మాటలు రేటు దగ్గర తెగిపోయాయి. 2024 సెప్టెంబర్ 12న బాయ్సీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్ ప్యాక్-12లోకి వస్తున్నామని ప్రకటించాయి, అదీ 2026 నుంచి. అంటే 2025 అనే ఒక్క ఏడాది ఇటూ కాకుండా అటూ కాకుండా మిగిలిపోయింది, మీరు చూసింది ఆ ఏడాదినే.

మా వైపు ఏం జరిగిందో కూడా వినండి. అక్టోబర్ 11న మిసిసిపీలో ఓల్ మిస్‌తో 24-21తో ఓడాం. మరుసటి శనివారమే షార్లట్స్‌విల్‌లో వర్జీనియా జట్టుతో 22-20తో ఓడాం. నవంబర్ 22న మళ్లీ వర్జీనియా రాష్ట్రానికే, ఈసారి హారిసన్‌బర్గ్‌లో జేమ్స్ మాడిసన్‌తో 24-20. మూడూ కలిపి 9 పాయింట్ల తేడా! పుల్‌మన్ నుంచి దేశం ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు వెళ్లొచ్చి, అక్కడ పెద్ద పెద్ద జట్లను చివరి నిమిషం దాకా వణికించారు ఆ పిల్లలు. వాళ్లకీ సోమవారం క్లాసులుంటాయి, వాళ్లకీ మిడ్‌టర్ములుంటాయి. రెగ్యులర్ సీజన్ రికార్డులో మాత్రం 6-6 అని కనిపిస్తుంది, దాని వెనక ఎన్ని గంటల విమాన ప్రయాణం ఉందో కనపడదు.

హార్ట్‌ఫర్డ్_అక్క:

మా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే మేము కావాలని బయటికి వచ్చినవాళ్లం. బాస్కెట్‌బాల్ మాకు ప్రాణం, పాత బిగ్ ఈస్ట్‌కి తిరిగి వెళ్లాలని 2019లో నిర్ణయించుకుని అమెరికన్ కాన్ఫరెన్స్‌కి కోటి 70 లక్షల డాలర్లు కట్టి 2020 జులైలో బయటపడ్డాం. బిగ్ ఈస్ట్‌లో ఫుట్‌బాల్ లేదు, అందుకని ఫుట్‌బాల్ ఏ కాన్ఫరెన్సూ లేక ఒంటరిదైంది. 2020 సీజన్ కోవిడ్‌తో రద్దు చేసుకున్నాం, 2021లో 1-11. ఆ రోజుల్లో స్టేడియంలో కూర్చుంటే గుండె తరుక్కుపోయేది. జిమ్ మోరా కోచ్‌గా వచ్చాక మెల్లగా నిలబడింది, 2024లో 9-4, ఫెన్‌వే బౌల్‌లో నార్త్ కరోలినాని 27-14తో గెలిచాం.

నేను చెప్పదలచుకున్నది మాత్రం షెడ్యూల్ గురించి. కొన్నేళ్ల కిందట ఒంటరి జట్లు చాలా ఉండేవి, బీవైయూ, ఆర్మీ, లిబర్టీ, న్యూ మెక్సికో స్టేట్, యూమాస్. అక్టోబర్‌లో ఖాళీ వస్తే ఒకరికొకరు ఆసరా. బీవైయూ 2023లో బిగ్ 12కి పోయింది, లిబర్టీ, న్యూ మెక్సికో స్టేట్ అదే ఏడాది కాన్ఫరెన్స్ యూఎస్‌ఏకి, ఆర్మీ 2024లో అమెరికన్‌కి, యూమాస్ 2025లో మాక్ అనే కాన్ఫరెన్స్‌కి. ఇప్పుడు మిగిలింది మేమూ నోటర్ డేమ్. నోటర్ డేమ్‌కి ఏసీసీతో ఏడాదికి ఐదు గేముల ఏర్పాటు ఉంది, వాళ్ల పేరు చెబితే ఎవరైనా వస్తారు, వాళ్లని చూసి ఒంటరితనం సులువనుకోకూడదు. అంటే మీ రెండు స్కూళ్లూ రోడ్డున పడ్డ సమయానికి ఆ ఆసరా కూడా ఎండిపోయింది. కొన్నేళ్ల ముందైతే ఇంత కష్టమయ్యేది కాదు.

బాయ్సీ_బాబాయ్:

నాది వేరే అభిప్రాయం. 2024లోనే రెండూ మౌంటెన్ వెస్ట్‌లో చేరిపోవాల్సింది. పాత పేరు పట్టుకుని రెండేళ్లు లాగారు, ఆ రెండేళ్లూ పిల్లలకి గెలవడానికి ఒక కప్పు లేదు, ఒక పట్టిక లేదు. నాలుగేళ్ల కాలేజీ జీవితంలో రెండేళ్లంటే సగం. పైన ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి రెండేళ్లంటే ఒక గడువు, ఇరవై ఏళ్ల కుర్రాడికి అదే మొత్తం ఆట.

పలూస్_పాతకాపు:

బాబాయ్ గారూ, మీరు పిల్లల వైపు నుంచి మాట్లాడారు, ఆ మాట కాదనలేను. కానీ అప్పుడే చేరిపోయి ఉంటే ప్యాక్-12 ఆస్తి ఎవరి చేతిలో ఉండేది? మేం కోర్టుకి వెళ్లి బోర్డు మీద హక్కు తెచ్చుకున్నాం, వెళ్లిపోతున్న పది స్కూళ్లతో జరిగిన రాజీలో ఆరున్నర కోట్ల డాలర్లు దక్కాయి. కాన్ఫరెన్స్‌గా గుర్తింపు ఉండాలంటే ఎనిమిది జట్లు కావాలి, తక్కువైతే కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రెండేళ్ల గడువు ఇస్తుంది, ఆ గడువునే వాడుకుని మళ్లీ కట్టుకున్నాం. మా పక్కనే 8 మైళ్లలో మాస్కో అనే ఊళ్లో ఐడహో యూనివర్సిటీ ఉంది, వాళ్లని కూడా 2017 తర్వాత సన్ బెల్ట్ వదిలేస్తే పై స్థాయిలో నిలబడలేక 2018లో ఎఫ్‌సీఎస్‌కి దిగిపోయారు. అది కళ్ల ముందు చూసినవాళ్లం, ఆ భయం మాకు చిన్నది కాదు.

కార్వాలిస్_పీహెచ్‌డీ:

ఇంకో కోణం. షెడ్యూల్ చూసే ఆటగాళ్లు ఉంటారా పోతారా అన్నది తేలుతుంది. 2023 నవంబర్‌లో మా కోచ్ జొనాథన్ స్మిత్ మిషిగన్ స్టేట్‌కి వెళ్లిపోయారు, ఆయన ఇక్కడ చదివి ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడిగా) ఆడిన మనిషి. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కామ్ వార్డ్ మయామీకి పోయి, ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లని ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొదటివాడయ్యాడు. ఎవరితో ఆడతామో తెలియని చోట ఉండమని వాళ్లని ఎలా అడుగుతాం? అదే 2023లో రీసర్ స్టేడియం పడమటి వైపు కొత్తగా కట్టి తెరిచారు, 16 కోట్ల డాలర్ల పైన ఖర్చు. కొత్త సీట్లలో కూర్చున్న మొదటి ఏడాదే పాత కాన్ఫరెన్స్‌కి ఆఖరి ఏడాది అయింది.

అలాగని అన్నీ కూలిపోలేదు. మా బేస్‌బాల్ జట్టు 2025లో ఏ కాన్ఫరెన్సూ లేకుండా ఊరూరా తిరిగి ఆడి ఒమాహాలో జరిగే జాతీయ టోర్నీ చివరి దశ దాకా వెళ్లింది. ఆ కుర్రాళ్లకి ఎంత చెప్పినా తక్కువే.

2026 గురించి చెప్పాలంటే, ప్యాక్-12లోకి బాయ్సీ స్టేట్ వగైరా ఆ నలుగురితో పాటు యుటా స్టేట్, టెక్సస్ స్టేట్ కూడా వస్తున్నాయి, మొత్తం ఎనిమిది. ఒక్కొక్కరితో ఒకసారి ఆడితే ఏడు గేములు. మిగతావి బయట వెతకాల్సిందే, 9 కాన్ఫరెన్స్ గేములు ఉన్న రోజులతో పోలిస్తే అది ఎక్కువ పనే. కానీ అక్టోబర్, నవంబర్ నిండుతాయి, ఎవరో ఒకరితో కాదు, ఏటా ఎదురుపడే జట్లతో నిండుతాయి. టెక్సస్ స్టేట్ తప్ప మిగతావన్నీ పడమటి వైపే.

హిల్స్‌బరో_నాన్న:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి మా అమ్మాయికి ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాను. బాబాయ్ గారి మాట దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నాన్నా, నేను చేరిన మొదటి ఏడాది ఒక్కటే అసలు కాన్ఫరెన్స్ చూశాను, మధ్యలో రెండేళ్లూ ఎవరు వస్తే వాళ్లకి వాయించాం" అంది. తనకి 2026 ఆఖరి సీజన్. ఆ నవంబర్‌లో కార్వాలిస్‌లో గేమ్ ఉన్న శనివారాల్లో ఎవరింట్లో గృహప్రవేశమున్నా రాలేమని ఇక్కడి బంధువులందరికీ ఇప్పుడే చెప్పి పెట్టాం.