బొమ్మలు వేసుకుంటూ కలర్ కన్సల్టెంట్‌గా బతకొచ్చా? చేస్తున్నవాళ్లు చెప్పండి

గోడమీద పిల్లి:

రాజమండ్రిలో ఒక పెయింట్ షాపులో రంగులు కలిపే టింటింగ్ మిషన్ దగ్గర పనిచేస్తున్నాను. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అయి మూడేళ్లయింది. రాత్రిళ్లు వాటర్ కలర్స్ వేస్తాను, అదీ ఓపికుంటే. షాపుకొచ్చేవాళ్లు "నువ్వే ఏదో మంచి రంగు చెప్పు బాబూ" అంటుంటారు. అందుకే విడిగా కలర్ కన్సల్టెంట్‌గా చేసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. మా నాన్న మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటున్నారు. రెండూ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోజు ఎలా గడుస్తుంది? సొంత బొమ్మలకి టైమ్ మిగులుతుందా?

పెయింట్ మేస్త్రి:

తమ్ముడూ, నేను 22 ఏళ్లుగా బ్రష్షు పట్టుకుని తిరుగుతున్నా. కన్సల్టెంట్లంటే మాకు కొంచెం మంటే. కారు దిగుతారు, షేడ్ కార్డులో వేలు పెట్టి చూపిస్తారు, వెళ్లిపోతారు. రంగు తేడా కొడితే ఓనరు తిట్లు మాకు. లప్పం (గోడకి పట్టించే పుట్టీ) ఆరకుండానే ప్రైమర్ కొట్టమన్న మహానుభావులనీ చూశా. దిగాలనుకుంటే ముందు ఒక నెల మాలాంటోళ్లతో నిచ్చెన ఎక్కు.

జేగురు:

విశాఖలో పదకొండేళ్లుగా రెండూ చేస్తున్నాను కాబట్టి చెప్తాను. మేస్త్రిగారి మంటలో న్యాయం ఉంది. ఆ నిచ్చెన నేను ఆలస్యంగా ఎక్కాను.

పొద్దున నాలుగున్నరకి లేస్తాను. ఏడింటిదాకా నా బొమ్మలే. ఆ రెండున్నర గంటలూ ఫోన్ వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంటుంది. ఏడు దాటాక నేను నాకు దొరకను. తొమ్మిదికి ఎంవీపీ కాలనీలో సైటు, మధ్యాహ్నం షాపులో నీలాంటి టింటింగ్ కుర్రాడితో తగువు, నాలుగింటికి మళ్లీ అదే ఇల్లు. పొద్దున తూర్పు కిటికీలోంచి సముద్రం వెలుగు పడ్డప్పుడు చూసిన గోడ, సాయంత్రానికి ఆ గోడ కాదు. రాత్రి లైట్లు వేశాక ఇంకోసారి వెళ్లాలి. నా బ్యాగులో షేడ్ కార్డుల కట్టతో పాటు రెండు ఎల్ఈడీ బల్బులు ఎప్పుడూ ఉంటాయి, ఒకటి 3000 కెల్విన్ (పసుపు వెలుగు), ఇంకోటి 6500 (తెల్ల వెలుగు). మనవాళ్లలో చాలామందికి ఇల్లంతా తెల్ల లైటే కావాలి. దాని కింద గోధుమ రంగు గోడ జ్వరం వచ్చినట్టు కనపడుతుంది. మా బంధువులు "క్రియేటివ్ లైఫ్" అనేది ఈ ఆటో చార్జీలనే.

ఒక దెబ్బ సంగతి చెప్తాను. నాలుగేళ్ల కిందట సముద్రం దగ్గర ఒక ఫ్లాట్. హాలుకి లేత గ్రే చెప్పాను. అందరికీ నచ్చింది. రెండు కోట్లు పడ్డాక ఇంటావిడ ఫోను: "గ్రే అని చెప్పి నీలం వేయించావేంటమ్మా?" వెళ్లి చూస్తే నిజమే, గోడ నీలంగానే ఉంది. హాల్లోకి తెరుచుకునే నాలుగు టేకు తలుపులు కొత్త పాలిష్‌తో తేనె రంగులో మెరుస్తున్నాయి. నేను సైటు చూసిన రోజు వాటికి ప్లాస్టిక్ కవర్లు కట్టి ఉన్నాయి, విప్పి చూడాలని నాకు తోచలేదు. కన్ను ఒక రంగుని చూస్తూ చూస్తూ దాని ఎదురు రంగుని (నారింజకి నీలం, ఎరుపుకి ఆకుపచ్చ లాంటివి) పక్కదానికి అంటగడుతుంది. తేనె రంగు పక్కన ఏ రంగూ లేని గ్రే కూడా నీలంలోకి జారిపోతుంది.

డ్రాయింగ్ షీటు మధ్యలో రూపాయి బిళ్లంత కన్నం చేసి గోడకి ఆనించి చూపించాను. కన్నంలోంచి చూస్తే గ్రే, షీటు తీస్తే నీలం. ఆవిడ మూడుసార్లు పెట్టీ తీసీ చూసి, "బాగానే ఉంది గానీ, మేం కన్నంలోంచి బతకం కదా" అంది. ఇంక నాకు మాట రాలేదు. గ్రేలో ఎల్లో ఆక్సైడ్ చుక్కలు పెంచి మళ్లీ వేయించాను. 20 లీటర్ల బకెట్టూ, ఇద్దరు మనుషుల కూలీ నా జేబులోంచే.

సరిగ్గా ఇదే పేచీ 1820లలో పారిస్‌లో, గోబెలిన్స్ అనే బొమ్మల తెరలు నేసే కార్ఖానాలో వచ్చింది. నల్ల ఊలు నల్లగా లేదని ఫిర్యాదులు. అక్కడి అద్దకాల విభాగాన్ని చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త, అద్దకంలో తప్పేం లేదనీ, పక్కనున్న నీలం, ఊదా దారాలే ఆ నలుపుని చంపుతున్నాయనీ తేల్చాడు. నువ్వూ బీఎఫ్ఏలో చదివే ఉంటావు. నేనూ చదివాను, మార్కులు కూడా వచ్చాయి. అర్థమైంది మాత్రం డబ్బులు పోయాకే.

అప్పట్నుంచి కార్డు చూపించి రంగు ఖాయం చేయడం మానేశాను. రెండడుగుల హార్డ్‌బోర్డు ముక్క మీద రెండు కోట్లు వేసి, ఆరనిచ్చి, గది అంతా తిప్పుతాను. తడి ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ పెయింట్) చూసి ఎప్పుడూ మాటివ్వకు, ఆరాక ముదురుతుంది. పాత రంగు గోడ మీద నేరుగా మచ్చ వేసి చూపించడమూ వద్దు, చుట్టూ ఉన్న పాత రంగు అబద్ధం చెప్పిస్తుంది. నాలుగు గోడలకీ ఒకే రంగంటే, ఒకదాని వెలుగు ఇంకోదాని మీద పడి ఇంకా చిక్కబడుతుంది. ఒక ఇంట్లో అయితే తెల్ల సీలింగ్ ఆకుపచ్చగా ఉందని గొడవ. కిటికీ తీసి చూస్తే పక్కింటి ప్రహరీకి చిలకపచ్చ.

వాస్తు గురించి వాదించను. ఆగ్నేయానికి ఎరుపు ఉండాలంటే సరే అంటాను. ఎరుపంటే కుంకుమ ఎరుపే కానక్కర్లేదు, మట్టి రంగు జేగురూ ఎరుపే. అందరూ ఒప్పుకుంటారు.

ఇక నువ్వు అసలు అడిగింది. టైమ్ కొంత మిగులుతుంది, కానీ టైమ్ కంటే కన్ను పాడయ్యే ప్రమాదం ఎక్కువ. ఈ పనిలో ఐదో ఏడు నా బొమ్మలన్నీ వరసగా గోడకి ఆనించి మా డ్రాయింగ్ మాస్టారికి చూపించాను. చాలాసేపు చూసి, "ఇవి ఎవరి హాల్లోకమ్మా?" అన్నారు. అన్నీ లేత గోధుమ, లేత బూడిద, సోఫా మీద బాగుండేవి. నాకు తెలియకుండానే క్లయింట్లు నా రంగుల పలకలోకి వచ్చి కూర్చున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దాన్నుంచి ఆషాఢమే నన్ను బయటపడేసింది. శుభకార్యాలుండవు, గృహప్రవేశాలుండవు, పైగా వానలకి లప్పం ఆరదు. ఆదాయం కూడా ఉండదు, అది వేరే సంగతి. ఆ నెల భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి పోతాను. వాన వెలిశాక తడి మట్టి దాదాపు కాలేయం రంగులో ఉంటుంది, అంచులు ఆరుతున్నకొద్దీ నారింజలోకి తేలుతుంది. ఆ ఎరుపూ, పల్లెల్లో అరుగులకి పూసే జాజూ, మేస్త్రిగారు కిటికీ గ్రిల్స్‌కి కొట్టే రెడాక్సైడూ అన్నిట్లో ఉన్నది ఐరన్ ఆక్సైడే. అక్కడ కూర్చుంటే ఎవరి సోఫా గుర్తురాదు.

పెయింట్ మేస్త్రి:

మేడమ్ చెప్పింది బాగుంది, పైన అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. ఒకటి కలపండి. హాలుకి రెండు మూడు బకెట్లు పడితే ముందే అన్నీ కలిపేసుకోవాలి, విడివిడిగా కొడితే గోడ మధ్యలో గీత తేలుతుంది. ఇంకోటి, పాత ఇళ్ల తలుపుల ఆయిల్ పెయింట్ పొడిగా గీకొద్దు. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే. అంతకు ముందువాటిలో ఎంతుందో ఎవడికి తెలుసు. తడి చేసి రుద్దాలి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకూడదు.

గోడమీద పిల్లి:

అక్కా, చాలా థ్యాంక్స్. ఫీజు సంగతి? షాపువాళ్లు కమీషన్ ఇస్తామంటే తీసుకోవచ్చా? ఇంటివాళ్లని మొదట ఏం అడగాలి?

జేగురు:

కమీషన్ తీసుకోకు. తీసుకున్న రోజునుంచీ ఖరీదైన డబ్బానే నీ కంటికి అందంగా కనపడుతుంది. నేను విజిట్‌కి ఇంత అని తీసుకుంటాను. మొదటి ఏడాది కాఫీ ఇచ్చి పంపేవారు, "రెండు రంగులు చెప్పడానికి డబ్బులేంటి" అని. ఇప్పుడు ఫీజు పడ్డాకే బ్యాగు తెరుస్తాను.

ఇక అడిగేదంటావా, ఏ రంగు ఇష్టం అని మాత్రం అడగకు. మార్చే ఉద్దేశం లేనివి ఏంటి అని అడుగు. ఫ్లోరింగ్, తలుపులు, మామ్మగారి బీరువా, దేవుడి గది గడప పసుపు. రంగు వాటి మధ్య ఇమడాలి. కవర్లు కట్టి ఉంటే విప్పించి చూడు.

పెయింట్ మేస్త్రి:

మేడమ్, ఆ కన్నం షీటు కొలత ఎంతో చెబుతారా? తెల్లది ఉండాలా, ఏదైనా ఫర్లేదా? ఇక్కడ ఓనరు నేను క్రీమ్ బదులు పింక్ కొట్టానంటున్నాడు. ఎదురుగా సోఫా చూస్తే ఆకుపచ్చది. రేపు పొద్దున్నే వస్తాడు.