మెరూన్ టోపీ పెట్టుకున్న ప్రతివాడూ కమాండోనేనా?

నేనుండేది బెంగళూరు జేసీ నగర్ దగ్గర. పొద్దున పాలకి వెళ్తే మెరూన్ టోపీల సోల్జర్లు కనిపిస్తుంటారు. మొన్న అనంతపురం నుంచి వచ్చిన మా బాబాయి వాళ్ళని చూడగానే "ముంబై దాడులప్పుడు తాజ్ హోటల్లో దిగింది వీళ్ళే కదరా, బ్లాక్ క్యాట్లు" అన్నాడు. కాదు బాబాయ్ అన్నాను గానీ, మరి ఎవర్రా అంటే నోరు పెగల్లేదు. పారా ఎస్ఎఫ్, మార్కోస్, గరుడ్, ఎన్‌ఎస్‌జీ... ఇన్ని కమాండో దళాలెందుకు, అందరికీ ఒకే బాసు ఉండడా?

జవాబు 1:
టోపీ చూసి మోసపోకండి. మీ దగ్గరున్నది పారాచూట్ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్. ఆ టోపీ రెజిమెంట్ మొత్తానిది, వాళ్ళతో పాటు విమానంలోంచి దూకే డాక్టరుకి కూడా అదే టోపీ. ఎస్ఎఫ్ (స్పెషల్ ఫోర్సెస్) వాడైతే కుడి జేబు మీద వెండి రంగు బ్యాడ్జి ఉంటుంది, రెక్కలున్న బాకు, కింద హిందీలో "బలిదాన్" అని. 90 రోజుల ప్రొబేషన్ దాటితేనే అది, చాలామంది మధ్యలోనే వెనక్కి వెళ్ళిపోతారు.

బాసుల సంగతంటారా, పారా ఎస్ఎఫ్ ఆర్మీది, 1987లో పుట్టిన మార్కోస్ నేవీది, 2004లో వచ్చిన గరుడ్ ఎయిర్‌ఫోర్స్‌ది. ఎన్‌ఎస్‌జీ (బ్లాక్ క్యాట్లంటే వీళ్ళే) మాత్రం హోం శాఖ కింద ఉంటుంది, అసలు మెలిక అక్కడే, ఎందుకంటే దాని దాడి బృందాల్లో ఉండేది డెప్యుటేషన్ మీద వచ్చిన ఆర్మీ వాళ్ళే. మన గ్రేహౌండ్స్‌ని కూడా ఇందులో కలిపేస్తుంటారు, అది పోలీసు దళం.

జవాబు 2:
ఒకే బాసు ఉండాలనేది పాత వాదనే. 2012లో నరేశ్ చంద్ర కమిటీ ప్రత్యేక కమాండ్ కావాలంది, 2019కి వచ్చింది మాత్రం మూడు దళాల వాళ్ళనీ కలిపిన ఒక చిన్న డివిజన్. అమెరికా వాళ్ళు 1980లో ఇరాన్ ఎడారిలో బందీలను విడిపించబోయి 8 మందిని పోగొట్టుకున్నాక, 1987లో పూర్తి కమాండే పెట్టుకున్నారు. బాబాయి గారి తాజ్ విషయానికొస్తే, కమాండోల్లో ముందు లోపలికెళ్ళింది మార్కోస్. ఎన్‌ఎస్‌జీ ఢిల్లీ దగ్గర, వాళ్ళను తేవాల్సిన పెద్ద విమానం చండీగఢ్‌లో! ఆ తర్వాతే ముంబై, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్‌లలో హబ్‌లు పెట్టారు.

జవాబు 3:
బాసు ఎవరన్నది కాదన్నా, పంపే ముందు సమాచారం సరిగ్గా ఉందా అన్నది ముఖ్యం. 1987 అక్టోబర్ 11 రాత్రి శ్రీలంకలో మన శాంతి సేన వాళ్ళు జాఫ్నా యూనివర్సిటీ గ్రౌండ్‌లో 10వ పారా కమాండో బెటాలియన్ వాళ్ళనీ 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళనీ హెలికాప్టర్లలో దించారు, ఎల్‌టీటీఈ (తమిళ పులుల) నాయకత్వాన్ని పట్టుకుందామని. అవతలివాళ్ళు మన రేడియో మాటలు ముందే వినేసి తుపాకులు గురిపెట్టుకుని కూర్చున్నారు. హెలికాప్టర్లకు తూటాలు తగిలి మిగతావాళ్ళని తేలేకపోయాయి. దిగిన 30 మంది సిఖ్ ప్లటూన్‌లో 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. కమాండోలు ఇళ్ళలోకి దూరి పోరాడుతూ ఉంటే, వాళ్ళని బయటకి తేవడానికి ట్యాంకులు రైలు పట్టాల మీదుగా వెళ్ళాయి. ఎంత గట్టివాళ్ళయితే ఏం లాభం, శత్రువుకి ముందే తెలిసిపోయాక?

మళ్ళీ నేనే:
మొత్తం బాబాయికి చదివి వినిపించాను. జాఫ్నా దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు పాలకి నేనూ వస్తా, ఆ జేబు చూడాలి" అన్నాడు. మరీ దగ్గరికెళ్ళి చూడొద్దు బాబాయ్ అని చెప్పాను.