ఫాస్ఫేట్ సున్నాకి తెచ్చాను, ఇప్పుడు ఇసుక మీద గోధుమరంగు జిగురు. ఏం చేయాలి?

ఉప్పునీళ్ల_అనంతపురం:
అందరికీ నమస్కారం. మూడడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సుమారు 180 లీటర్లు, పెట్టి పద్నాలుగు నెలలైంది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోవాలు, ఒక టోడ్‌స్టూల్ లెదర్ (ఈ రెండూ పగడాల రకాలు).

నెల కిందట ఫాస్ఫేట్ చూస్తే మీటర్లో 39 వచ్చింది. అంటే 0.39 కదా, గుండె జారిపోయింది. కారణం కూడా దొరికింది. నేను ఆఫీసుకి పోయాక మా అమ్మ మధ్యాహ్నం పూట "పాపం, అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తున్నాయిరా" అని గింజలు వేస్తోంది. అమ్మతో వాదించేకంటే జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పీల్చేసే ఇనుప ఆక్సైడ్ గుళికలు) వేయడం సులువనిపించింది. డబ్బా మీద రాసినదానికి రెట్టింపు వేశా. వారానికల్లా మీటర్లో 0. నైట్రేట్ కిట్‌లో కూడా రంగే రావడం లేదు. సాధించేశాననుకున్నా.

ఇప్పుడు ఇసుక మీద చీమిడిలాంటి తీగలు, కొసల్లో గాలి బుడగలు. రాత్రి లైటు ఆపాక దాదాపు మాయమవుతాయి, పొద్దున పదకొండుకల్లా మళ్లీ హాజరు. జోవాలు ఐదు రోజులుగా ముడుచుకునే ఉన్నాయి. రెండుసార్లు 20 లీటర్ల చొప్పున నీళ్లు మార్చాను, ఇంకా ముదిరింది. ఆవిరైన నీటికి బదులు పోసేది క్యాన్ నీళ్లు, టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 70. ఉప్పు 1.025 (సాపేక్ష సాంద్రత), వేడి 27. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

కడప_ట్యాంకన్న:
ముందు ఒకటి చెప్పప్పా. మీ మీటరు గుడ్డులా ఉండే చిన్నదేనా? దాని మీద ఫాస్ఫేట్ అని ఉందా, ఫాస్ఫరస్ పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) అని ఉందా?

ఉప్పునీళ్ల_అనంతపురం:
ఫాస్ఫరస్ పీపీబీ. తేడా ఏముందన్నా?

కడప_ట్యాంకన్న:
అక్కడే బోర్లా పడ్డావు. ఆ అంకెని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) వస్తుంది. నీ 39 అంటే 0.12. కొంచెం ఎక్కువే, అంతే. దానికి రెట్టింపు జీఎఫ్ఓ అంటే తుమ్మినందుకు ఆపరేషన్ చేసినట్టు.

నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ సూక్ష్మజీవులు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటితే వాటికి పోటీగా ఉండే పచ్చ నాచు, బ్యాక్టీరియా నీరసించిపోతాయి. ఖాళీ అయిన చోట ఇవి దిగుతాయి. జోవాల లోపలుండే ఆల్గేకి కూడా ఆ రెండూ కావాలి, నీది ఆకలితో ముడుచుకోవడమే. నీళ్లు మార్చిన కొద్దీ ముదిరిందన్నావు కదా, ఉన్న కాస్త పోషకాన్నీ నువ్వే తోడి పారబోశావు.

జీఎఫ్ఓ ఈ రోజే తీసెయ్. నీళ్లు మార్చడం ఆపు. స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా లాగేసేది) రాత్రిపూట మాత్రమే తిప్పు. నైట్రేట్‌కి ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ తీసుకో, ఎరువుల కొట్టు సరుకు వద్దు. నీ ట్యాంకులో 1 పీపీఎం పెరగాలంటే దాదాపు పావు గ్రాము. రోజుకి అంతకు మించొద్దు, 5 దగ్గర ఆపు. ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉండనీ. దానికి మందు మీ ఇంట్లోనే ఉంది. అమ్మని గింజలు వేయనివ్వు.

కర్నూలు_రీఫ్:
నేనైతే ముందు మూడు రోజులు లైటు పూర్తిగా ఆపేసి, ట్యాంకుకి దుప్పటి కప్పమంటాను. ఇంకోటి, ఆ క్యాన్ నీళ్లు. మన వైపు బోరు నీళ్లలో సిలికేట్ ఉంటుంది, మామూలు ఆర్ఓ దాన్ని పూర్తిగా ఆపదు, దాంతో వచ్చేవి డయాటమ్‌లు, అంటే ఇంకో రకం సూక్ష్మ నాచు. అవీ గోధుమరంగే. ఆర్ఓ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పీల్చే గుళికలు) పెట్టి టీడీఎస్ సున్నా వచ్చిన నీళ్లే పోయాలి.

ఏవో తేల్చుకోవాలంటే ఆ జిగురు కొంచెం గ్లాసులోకి తీసి బాగా కుదిపి, కాఫీ ఫిల్టర్ పేపర్లో వడకట్టి, దిగిన నీటిని లైటు కింద పెట్టు. గంటలో మళ్లీ తీగలుగా ముద్దకడితే డైనోలే.

కడప_ట్యాంకన్న:
నీళ్ల సంగతి ఒప్పుకుంటా. దుప్పటి మాత్రం పోషకాలు పైకొచ్చాకే. ఆకలి తీరకుండా చీకటి చేస్తే వారం తిరక్కుండానే వెనక్కొస్తాయి, నాకు రెండుసార్లు జరిగింది. రెడ్‌ఫీల్డ్ 16:1 (నైట్రోజన్‌కీ ఫాస్ఫరస్‌కీ నిష్పత్తి) లెక్క చూడమని ఎవరైనా చెప్తే పట్టించుకోకు. అది సముద్రపు ప్లవకాల కోసం తీసిన లెక్క.

ఉప్పునీళ్ల_అనంతపురం:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. గ్లాసు పరీక్ష చేశా. నలభై నిమిషాలకే అడుగున సాలెగూడులా ముద్దకట్టింది, డైనోలే. ఇప్పుడు మీటర్లో 19, అంటే 0.06 దగ్గర (ఈసారి గుణించాను!). నైట్రేట్ 4. జిగురు పోలేదు గానీ ఇసుక మీద సగానికి తగ్గింది, వెనక అద్దం మీద పచ్చ నాచు మొదలైంది. జోవాల్లో ముందు వరసలో ఉన్నవి నిన్న విచ్చుకున్నాయి. చీకటి ఇంకా చేయలేదు. డీఐ రెజిన్ ఆర్డర్ పెట్టా.

అమ్మకి ఒక చిన్న చెంచా ఇచ్చి, మధ్యాహ్నం దీంతో ఒక్కసారే వేయమన్నా. "నిండుగానా, తలగొట్టా?" అని అడిగింది. తలగొట్టే అన్నాను.