శుక్రవారం కన్నడ డిక్టేషన్ అంటే పాపకి భయం, ఇంట్లో తెలుగు ఆపేయమంటున్నారు, ఏం చేయాలి?

రెండో తరగతి పాప నాన్న

అందరికీ నమస్తే. మాది అనంతపురం, మూడేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం, పాప ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతి. వాళ్ళ వారం ఎలా నడుస్తుందో చెప్తా, ఎక్కడ సరిచేసుకోవాలో మీరే చెప్పండి. సోమవారం కన్నడ మిస్ బోర్డు మీద పది పదాలు రాస్తారు, పిల్లలు డైరీలో ఎక్కించుకుంటారు, మంగళ బుధవారాలు అవే కాపీరైటింగు, గురువారం రివిజన్, శుక్రవారం రెండో పీరియడ్‌లో ఉక్తలేఖన అంటే డిక్టేషన్. శనివారం ఒంటిపూట బడి, పాటలు డ్రాయింగు, ఆ రోజు మాత్రం ఎవరూ లేపకుండానే లేచి జడలు వేయించుకుని కూర్చుంటుంది.

గురువారం రాత్రి అయితే అన్నం ముందు పెట్టుకుని కెలుకుతూ ఉంటుంది, శుక్రవారం పొద్దున కడుపునొప్పి. మొన్న పదికి రెండు వచ్చాయి. నోట్‌బుక్ చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే పదాలు తనకి వచ్చు, కానీ క, త వచ్చిన చోటల్లా మన తెలుగు క, తెలుగు త రాసేసింది. ‘కత్తె’ అని రాయాలి, కన్నడలో గాడిద, రెండక్షరాలూ తెలుగువే పడ్డాయి, మిస్ ఇంటూ కొట్టారు. అది పట్టుకొచ్చి నాన్నా నేను కరెక్టే రాశా కదా అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు పక్క ఫ్లాట్ వాళ్ళు, మా ఆఫీసులో ఒకాయన, అందరూ ఒకటే మాట, ఇంట్లో తెలుగు రాయించడం ఆపేయండి, పాప కన్ఫ్యూజ్ అవుతోంది అని. మా ఆవిడ ఆదివారాలు తెలుగు అక్షరాలు నేర్పిస్తుంది, పాప ఫోన్లో వాళ్ళ నానమ్మకి చదివి వినిపిస్తుంది, ఆమె దానికోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. కన్నడ మీద నాకు ఏ కోపం లేదు, 2015 చట్టం వచ్చాక ఇక్కడ అన్ని స్కూళ్ళలో నేర్పాల్సిందే, చట్టం లేకపోయినా ఉన్న ఊరి భాష రావాలి కదా. మరి తెలుగు ఆపాలా?

మారతహళ్ళి అమ్మ

ఆపొద్దండి దయచేసి. మేం ఆపాం, మా బాబు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. ఏడాది తర్వాత చూస్తే కన్నడ పెద్దగా పెరిగింది లేదు, తెలుగు మాత్రం పోయింది, వాళ్ళ అమ్మమ్మ నెల్లూరు నుంచి వస్తే వాడు ఇంగ్లీషులో జవాబు చెప్తుంటే ఆమె మొహం చూడలేకపోయాను. మళ్ళీ మొదలుపెట్టడానికి చాలా కష్టపడ్డాం.

మాకు పనికొచ్చింది ఒక ఆట. మన ‘ప’ చాలాచోట్ల కన్నడలో ‘హ’ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పువ్వు హూవు, పది హత్తు. నేను తెలుగు పదం చెప్తే వాడు కన్నడ మాట చెప్పాలి. రెండు రోజులకి వాడే పంది హంది అని కనిపెట్టి ఇల్లంతా తిరిగాడు. అన్నిటికీ కుదరదు, పిల్లి బెక్కు అవుతుంది, అది ముందే చెప్పేయండి లేకపోతే పరీక్షలో హిల్లి అని రాసొస్తారు.

సర్కారీ బడి టీచర్

అన్నా, మాది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ చదువుకున్న దాన్నే. ఇప్పుడు హోసకోట వైపు సర్కారీ ప్రైమరీ స్కూల్లో చిన్న తరగతులకి నలికలి అనే పద్ధతిలో పాఠాలు చెప్తున్నాను. నలి అంటే సంతోషం, కలి అంటే నేర్చుకో. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో మొదలైంది, అక్కడి టీచర్లు మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళ పల్లె బడులు చూసొచ్చి ఆ పద్ధతిని ఇక్కడికి తగ్గట్టు మార్చుకున్నారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మా క్లాసులో అ ఆ ఇ ఈ వరసలో మొదలుపెట్టం. మొదటి ఐదక్షరాలు ర గ స ద అ. వాటితోనే అరస (రాజు), అగస (చాకలి), దసర, గరగస (రంపం) అని పదాలు వచ్చేస్తాయి, తర్వాత జ వ మ బ న. ఇప్పుడు మీరు ఈ పదీ కన్నడలో చూడండి, మన అక్షరాలకి ఎంత దగ్గరగా ఉంటాయో, మనకి తలకట్టు టిక్కులా ఉంటుంది, వాళ్ళకి అడ్డంగా ఉంటుంది, అంతే. కాబట్టి తెలుగొచ్చిన పిల్లకి సగం పని అయిపోయినట్టే. చిక్కంతా క, త, శ లాంటి కొన్నిట్లోనే, అవి రూపం నిజంగానే వేరు. మీ పాప తప్పులు కూడా సరిగ్గా అక్కడే ఉన్నాయి, అంటే విన్నది సరిగ్గా విన్నది, ఒత్తు కూడా పెట్టింది, చెయ్యి అలవాటైన దారిలో పోయింది.

పదిసార్లు ఇంపొజిషన్ వద్దు. ఒక పళ్ళెంలో బియ్యం పోసి వేలితో తెలుగు క ఒకటి, పక్కనే కన్నడ క ఒకటి రాయించి తేడా ఏంటో తననే చెప్పమనండి, మీరు చెప్పకండి. వారానికి ఒక్క అక్షరం చాలు. రెండు భాషలకీ వేరే వేరే రంగు అట్టల నోట్‌బుక్కులు పెట్టండి. మా బడిలో పొద్దున క్షీరభాగ్య పాలు ఇస్తారు, 2013 నుంచి ఉన్న పథకం, బీహార్ నుంచి వచ్చిన పిల్లలకి ‘హాలు’ అనే మాట బోర్డు మీదకన్నా ముందు ఆ గ్లాసు చేతిలోకి వచ్చినప్పుడే వస్తుంది.

ఇంకో మాట, కన్నడ మిస్‌ని కలవండి. తప్పు పట్టడానికి కాదు. విన్నది కరెక్ట్, రూపం తప్పు అయితే ఇంటూ బదులు ఆ అక్షరం చుట్టూ సున్నా చుట్టమని అడగండి. నలభై మంది నోట్సులు దిద్దేటప్పుడు ఆ తేడా మాకు నిజంగా కనపడదు, చెప్తే చేస్తాం. పిల్లలకి భయం, ఆందోళన లేకుండా చదువు చెప్పాలని 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది, కానీ ఆమె దగ్గర చట్టం ఎత్తకండి, కడుపునొప్పి గురించి చెప్పండి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు, యలహంక

టీచరమ్మ చక్కగా చెప్పింది. ఆ ప, హ సంగతి ఆట మాత్రమే కాదు నాయనా, పాత కన్నడంలో కూడా పాలు ‘పాల్’, పులి ‘పులి’, తర్వాత్తర్వాత ప కాస్తా హ అయింది. పంప హంపె అయింది కూడా అలాగే. రెండు లిపులూ ఒకప్పుడు ఒక్కటే. మా నాన్న ర్క అని రాయాలంటే క పక్కన వలపల గిలక అనే గుర్తు పెట్టేవాడు, మనం వదిలేశాం, కన్నడ వాళ్ళు అర్కావత్తు పేరుతో ఇప్పటికీ రాస్తున్నారు. పాప పై తరగతిలో దానికి వచ్చినప్పుడు ఈ ముక్క చెప్పు.

రెండో తరగతి పాప నాన్న

అందరికీ చాలా థాంక్స్, రెండు వారాలు ఆగి రాస్తున్నా. మిస్‌ని కలిశాం, ఆమె మొత్తం విని, నాకు తెలుగు రాదండీ, అది వేరే భాష అక్షరం అని నాకు తట్టలేదు, గజిబిజిగా రాసిందనుకున్నా అన్నారు. ఇప్పుడు సున్నా చుడుతున్నారు. బియ్యం పళ్ళెంలో క అయిపోయింది, త మీద ఉన్నాం. మొన్న శుక్రవారం పదికి ఆరు. గురువారం రాత్రి అన్నం ఇంకా పూర్తిగా తినట్లేదు, కానీ పొద్దున కడుపునొప్పి అనలేదు. ఆదివారం తెలుగు ఆపలేదు.

మాస్టారూ, పాప ఒక ప్రశ్న పట్టుకుంది, పులి హులి అయినప్పుడు పిల్లి హిల్లి ఎందుకు కాలేదు అని. వాళ్ళ మిస్‌ని కూడా అడిగిందట, ఆమె కనుక్కుని చెప్తానన్నారట. మీకు తెలిస్తే రాయండి, రోజూ నిద్రపోయే ముందు నన్ను అడుగుతోంది.