నన్నారి కొమ్ములు: కొండల్లో తవ్వకం ఆపాలా, పద్ధతి పెట్టి తవ్వనివ్వాలా?

వెలిగొండ (చర్చ మొదలు)

శేషాచలం, పాలకొండలు, వెలిగొండ, నల్లమల. ఈ కొండల్లో నన్నారి కొమ్ములు (షర్బత్‌కు, పచ్చడికి, మందులకు వాడే ఒక అడవి తీగ లావు వేర్లు; కొన్నిచోట్ల మారేడు కొమ్ములు అంటారు) తవ్వి సంతకు తేవడం పాత అలవాటే. ఇప్పుడు తీగ దొరకడమే గగనమవుతోంది. శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనై. దక్షిణ భారతంలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరింది. అడవిలో తవ్వకం పూర్తిగా ఆపి పొలాల్లో సాగుకు మళ్లించాలని కొందరంటున్నారు. ఆపితే యానాదుల, చెంచుల నోటికాడి కూడు పోతుందని, దొంగతవ్వకం పెరుగుతుందని మరికొందరి మాట.

నేను ఆపాలనే అంటాను. కరక్కాయ ఏరితే చెట్టుకు నష్టం లేదు. తపసి బంక తీసినా, గాటు లోతు పోకుండా చూసుకుంటే బెరడు మళ్లీ పూడుతుంది. నన్నారిలో మనం తీసుకునేది వేరు. ఆ తీగ ఎండాకాలం గడవడానికి దాచుకున్న నీరూ పిండీ అంతా అందులోనే ఉంటుంది. అది తవ్వేశాక మిగిలేదేమిటి? దీనికి "సుస్థిర సేకరణ" అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

గడ్డపార

వెలిగొండ గారూ, వేరు తవ్వితే తీగ చచ్చి తీరాలన్న లెక్కేమీ లేదు. మొదలు తవ్వితే చస్తుంది. ఒక తీగకు ఒకే గడ్డ ఉండదు, మొదలు నుంచి అన్ని వైపులకూ గుత్తిగా కొమ్ములు దిగుతాయి. పద్ధతి తెలిసినవాళ్లు ఇలా తవ్వుతారు.

మొదలుకు జానెడున్నర దూరం వదిలి ఒక్క పక్కనే గుంత తీయాలి. కొమ్ము కనిపించాక గడ్డపార పక్కన పెట్టి చేత్తో, చిన్న కొంకితో మట్టి తోడాలి. బొటనవేలికన్నా లావున్న కొమ్ములే తీయాలి, సన్నవి వదిలేయాలి. ఎంత లావైనా సగానికి మించి తీయకూడదు. కొమ్మును గుంజకూడదు. గుంజితే మొదలు దగ్గర తోలు చీలి గాయం పెద్దదవుతుంది. మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో పదునైన కత్తితో ఒక్క వేటున కోయాలి. కోసిన చోట పాలు కారి ఆరేదాకా ఆగి, అదే మట్టి నింపి, పైన ఆకు చెత్త కప్పి రాయి పెట్టాలి. అదే తీగ దగ్గరికి మూడేళ్ల దాకా మళ్లీ పోకూడదు. ఈసారి తూర్పు పక్క తవ్వితే వచ్చేసారి పడమర.

ఎక్కడ చెడుతుందంటే, గుంత పూడ్చకుండా వదిలేస్తారు. తొలకరికి అందులో నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. రెండో తప్పు వానల్లో తవ్వడం, ఆ తడిలో గాయం ఆరదు. ఈ రెండూ మానితే చాలా తీగలు బతుకుతాయి. మీరు ఆపాల్సింది తవ్వకాన్ని కాదు, మొదలుతో సహా పెకలించే కూలి ముఠాలను. వాళ్లకు కిలోల లెక్కన డబ్బు, కొండతో సంబంధం లేదు.

కొండసాంబ్రాణి

మీరు చెప్పిన పద్ధతి మట్టి ఉన్న చోట బాగుంటుంది గడ్డపార గారూ. శేషాచలంలో ఆ తీగ ఉండేది ఎక్కడ? ఎక్కువగా క్వార్ట్‌జైట్ బండల సందుల్లో. మొదలు పగులు మీద కూర్చుంటుంది, కొమ్ములు ఆ పగుల్లోకే దిగి బల్లపరుపుగా నొక్కుకుపోయి పెరుగుతాయి. అక్కడ "ఒక పక్క గుంత" అనే మాటే లేదు. బండ కదిపితేనే కొమ్ము వస్తుంది, బండ కదిలితే మొదలు ఊడుతుంది. ఊడినదాన్ని మళ్లీ పెట్టడానికి అక్కడ మట్టి ఉండదు. మొదలు పోయాక సందులో మిగిలిన వేరు ముక్కలు ఎప్పుడో చిగురిస్తాయని ఆశ పెట్టుకోవడం దండగ.

విత్తనం సంగతి కూడా చూడండి. కాయలు జంటగా పశువు కొమ్ముల్లా విచ్చుకుని ఉంటాయి. ఎండి పగిలితే లోపలి గింజలు పట్టుకుచ్చుతో గాలికి ఎగిరిపోతాయి. ఎక్కడికైనా పోతాయి నిజమే, బండ సందులో కాస్త మట్టి, కాస్త నీడ ఉన్న చోట పడ్డవే బతుకుతాయి. జిల్లేడు గింజలాగా పడ్డచోటల్లా మొలవదు. షర్బత్ గిరాకీ ఎండాకాలానికి ముందే మొదలవుతుంది కాబట్టి బేరగాళ్లు చలికాలం నుంచే తవ్విస్తారు. కాయ పగలని తీగ పోతే ఆ తీగా పోయినట్టే, దాని పిల్లలూ పోయినట్టే.

నా లెక్కలో కొండంతటికీ ఒకే నియమం పనికిరాదు. పాదాల దగ్గర, మట్టి లోతున్న వాలుల్లో గడ్డపార గారి పద్ధతి పెట్టుకోండి. బండ సందుల్లో అసలు ముట్టుకోవద్దు. అవి విత్తనపు తీగలు. కింది వాలులకు గింజ దిగేది పైనుంచే.

పట్టాపుస్తకం

చట్టం ఏమంటుందో చూడకుండా "ఆపాలి", "తవ్వాలి" అనుకుంటే లాభం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో చెబుతూ వేర్లు, దుంపలు, ఔషధ మొక్కలను పేర్లు పెట్టి మరీ చేర్చింది. సంప్రదాయంగా సేకరిస్తున్నవాళ్లకు వాటి మీద యాజమాన్య హక్కు, అమ్ముకునే హక్కు ఉన్నాయి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. మరోవైపు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ ఉత్పత్తి బయటికి తీయడం నిషేధం. కింది స్థాయి సిబ్బంది రెండోదే చూస్తారు, మొదటిది చూడరు.

ఇంకో చిక్కు ఉంది. నాగర్‌కర్నూల్ వైపు అమ్రాబాద్ నల్లమలలో కొన్ని చెంచు గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి, అక్కడ పెసా (షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే చట్టం) వర్తిస్తుంది. కర్నూలు, ప్రకాశం వైపు నల్లమల, చిత్తూరు, కడప కొండలు షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. కాబట్టి అక్కడ గ్రామసభకు పట్టు అటవీ హక్కుల చట్టం ద్వారానే రావాలి. సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం తీసుకుంటే ఏ కొండ ఎప్పుడు మూయాలో, ఎవరు తవ్వాలో గ్రామసభే తీర్మానించవచ్చు. 2012 సవరణ నియమాల ప్రకారం రవాణా అనుమతి కూడా గ్రామసభ కమిటీ ఇవ్వవచ్చు. కొండసాంబ్రాణి గారి "పైన మూత, కింద పద్ధతి" నియమాన్ని ఈ దారిలో పెట్టవచ్చు. పైనుంచి నిషేధం ఉత్తర్వు వస్తే మాత్రం అమలు చేసేది సిబ్బందే. వాళ్ల చేతికి చిక్కేది గంప నెత్తిన పెట్టుకుని నడిచొచ్చే మనిషి, లారీ కాదు.

ఎర్రమట్టి

సాగు గురించి ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి చెబుతున్నా. ఇది పండే పంటే. ఓపిక కావాలి.

కాయ పసుపుకు తిరిగి, పగలకముందే కోయాలి. కాయను పల్చటి గుడ్డ సంచిలో వేసి నీడలో ఆరబెడితే అందులోనే పగులుతుంది, గింజ ఎగిరిపోదు. పట్టుకుచ్చు తీసేసి వెంటనే నారు పోయాలి. ఈ గింజకు నిలవ సత్తువ తక్కువ. వచ్చే ఏడాదికని దాచితే మొలక బాగా పడిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచుల్లో నింపాలి. లోతు సంచి తీసుకోండి, పొట్టి సంచిలో వేరు చుట్టలు తిరిగి చివరిదాకా ఆ వంకరతోనే ఊరుతుంది. నారు ఆరు నెలలకు తగ్గకుండా పెంచి తొలకరికి నాటాలి.

పొలంలో మూరెడు లోతు గుంతలు, మనిషి తిరిగేంత దూరం, తీగ పాకడానికి రాటలూ ఇనప తీగెలూ. నల్లరేగడి వద్దేవద్దు. నీళ్లు నిలిచిన వారంలోనే వేరు మెత్తబడుతుంది. బోదెల మీద నాటితే సగం తలనొప్పి పోతుంది. కోత రెండున్నర నుంచి మూడేళ్లకు. అంతదాకా రాబడి ఉండదు కాబట్టి మొదటి ఏడాదిన్నర మధ్యలో ఉలవలో పెసలో వేసుకోవాలి. రైతు భయపడేది ఈ మూడేళ్లకే. సాగు కష్టం పెద్దదేమీ కాదు.

కొనేటప్పుడు మోసపోకండి. సుగంధిపాల నారును నన్నారి నారని అంటగడతారు. సుగంధిపాల ఆకు సన్నగా, మధ్యలో తెల్లచారతో ఉంటుంది, వేరు పెన్సిలు లావు దాటదు. నన్నారి కొమ్ముల ఆకు వెడల్పు, దళసరి, కొన మొద్దుగా ఉంటుంది. ఆయుర్వేదంలో సారిబ అంటే అసలు సుగంధిపాలే. దాని బదులు ఈ కొమ్ములు వాడడం వల్లే కొండల మీద బరువు ఇంకా పెరిగింది.

వెలిగొండ

ఎర్రమట్టి గారి మాటతో నా వాదనకే బలం వచ్చింది. పండే పంట అయితే అడవిని వదిలేయడానికి అడ్డేమిటి?

పట్టాపుస్తకం

అడ్డు ఇది. సాగు వస్తే అడవి దానంతట అది బతుకుతుందన్నది ఆశే, రుజువు కాదు. హిమాచల్‌లోని లాహౌల్‌లో చెంగల్వ కోష్టు అనే ఔషధ మొక్కను చాలా దశాబ్దాలుగా పొలాల్లో పండిస్తున్నారు. అయినా అడవి మొక్క ప్రమాదం నుంచి బయటపడలేదు. 1985లో దాన్ని సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. దాంతో పొలంలో పండించినదాన్ని ఎగుమతి చేయాలన్నా కాగితాల మీద కాగితాలు. పండించినవాడూ నలిగాడు, అడవికీ ఒరిగింది తక్కువ.

మన దగ్గర దీనికి తిరగబడిన ప్రమాదం ఉంది. 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, సాగు చేసిన ఔషధ మొక్కలకు మూల ధ్రువపత్రం (సరుకు ఎక్కడిదో చెప్పే పత్రం) ఉంటే మినహాయింపులు ఇచ్చారు. పత్రం ఇచ్చేది స్థానిక జీవవైవిధ్య కమిటీ. అరెకరంలో తీగ నాటి పత్రం తీసుకున్నవాడు కొండ కొమ్ములను ఆ పత్రం కిందే తోలేస్తే పట్టేదెవరు? పైగా మూడేళ్లు రాబడి లేకుండా ఆగగలిగేది పొలం, బోరు ఉన్న రైతు. కొండ మీద బతికే యానాదికి సెంటు భూమి లేదు. పంట అతనిది కాదు, నిషేధం మాత్రం అతనికే. ఇది న్యాయమా?

పచ్చడిజాడీ

అసలు ఎవరు కొంటున్నారో చూడండి. బండి మీద అమ్మే నన్నారి షర్బత్‌లో చాలావరకు చక్కెర పాకం, రంగు, ఎసెన్సు. కొమ్ముకు ఆ వాసన ఇచ్చేది 2-హైడ్రాక్సీ-4-మీథాక్సీ బెంజాల్డిహైడ్, వెనిలిన్‌కు దగ్గరి చుట్టం. దాన్ని ఫ్యాక్టరీలోనూ తయారు చేయవచ్చు. అందుకే షర్బత్ వాళ్లను మాత్రమే తిడితే కుదరదు. నిజమైన కొమ్ము తప్పనిసరిగా కావాల్సింది పచ్చడి వాళ్లకు, మందుల కంపెనీలకు. తమిళనాడు, కర్ణాటక పచ్చళ్లకు లావైన, పీచు లేని కొమ్ము కావాలి. తోలు గీకి, నడిమి పుల్ల లాగేసి కండ మాత్రమే ముక్కలు కోస్తారు. లావుకే ధర. ఆ ధర ఆశకే పాత తీగలు ముందు పోతున్నాయి, గింజ ఇచ్చేవీ అవే.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. తవ్వినదాన్ని తడి గోనెల్లో రోజుల తరబడి కప్పి తూకం నిలబెడతారు. మూడో నాటికి లోపల బూజు. పట్నం చేరాక ఆ సరుకులో కొంత పారబోస్తారు, అంతమేరకు కొండ ఉత్తపుణ్యానికి తవ్వినట్టే. తవ్విన రోజే కడిగి, చక్రాలుగా కోసి, ఎండలో కాకుండా నీడన గాలికి ఆరబెడితే వాసనా ఉంటుంది, సరుకూ చెడదు. ఎండలో పెడితే వాసన ఎగిరిపోతుంది. ఈ పని గ్రామంలో జరిగితే తక్కువ కొమ్ముకు ఎక్కువ డబ్బు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. తపసి బంకలో శుభ్రతను బట్టి రకాలు విడదీసి ధర కట్టినట్టే ఇక్కడ ఎండు చక్రాలకూ కట్టవచ్చు.

గడ్డపార

రకం కట్టడం దగ్గరే కొండదీ పొలానిదీ వేరు చేయాలి. పచ్చి కొమ్ము అయితే కంటికే తెలుస్తుంది. పొలంలోది నిటారుగా, గుండ్రంగా, తోలు పల్చగా ఉంటుంది. బండ సందులోది ఒక పక్క చదునై, మెలికలు తిరిగి, తోలు మీద రాయి ఒరిసిన అడ్డగీతలతో ఉంటుంది. మట్టి వాలులోది ఈ రెంటికీ నడుమ.

కొండసాంబ్రాణి

చక్రాలుగా కోశాక ఆ ఆనవాళ్లు ఉండవు కదా. అందుకని ఎండబెట్టే చోటికి పచ్చి కొమ్ము రాగానే, కోతకు ముందు చూడాలి. మొదలు ముక్క అంటుకుని వచ్చిన కొమ్మును, చదునైన కొమ్మును కొననే కూడదు. కొంటామన్న ఆశ ఉంటే బండ కదుపుతారు. సన్న కొమ్ముకు ధర లేకపోతే సన్నది మిగులుతుంది, మొదలుతో వచ్చినదానికి ధర లేకపోతే మొదలు మిగులుతుంది. బీటు ఆఫీసరు గంపలు వెతికేకన్నా తూకం దగ్గర ఈ చూపు ఉంటే మేలు.

వెలిగొండ

బండ సందులను పూర్తిగా మూసి, తూకం దగ్గర ఈ నియమం పెడితే కింది వాలుల్లో తవ్వకానికి నేను అడ్డు చెప్పను. ఒక షరతు. మూసిన చోట తీగలను ఏటా కాయ పగిలే కాలంలో లెక్కపెట్టి గ్రామసభ పుస్తకంలో రాయాలి. కాయ పట్టినవి ఎన్ని, పిల్ల తీగలు ఎన్ని అని. పిల్ల తీగలు వరసగా మూడేళ్లు కనిపించకపోతే కింది వాలులూ మూసేయాలి.

పట్టాపుస్తకం

షరతు బాగుంది. ఆ లెక్క పెట్టేవాళ్లకు కూలి ఎవరిస్తారో కూడా తీర్మానంలోనే రాయించండి. లేకపోతే రెండో ఏడాదికే పుస్తకం కనిపించదు.