అప్‌డేట్: నా పుల్ రిక్వెస్ట్ విండోస్ టెస్టులో ఫెయిలైన సమస్య తీరింది

సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: ఒక ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ వాక్యాన్ని మాటలుగా విడగొట్టేటప్పుడు తెలుగును ముక్కలు చేస్తోంది, 'నల్లగొండ' ఇస్తే 'నల', 'లగ', 'డ' అని మూడు ముక్కలు వస్తున్నాయి. అది వాడే, పైథాన్‌లో టెక్స్ట్ వెతకడానికి ఉండే రీ (re) మాడ్యూల్ పొల్లును, గుణింతపు గుర్తులను, సున్నాను అక్షరాలుగా లెక్కపెట్టదు, అందుకే. దానికి బదులు, వాటిని కూడా లెక్కలోకి తీసుకునే రెజెక్స్ (regex) మాడ్యూల్ వాడి సవరణ పంపాను, పుల్ రిక్వెస్ట్ అంటే అదే. నల్లగొండలో నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అన్ని టెస్టులూ పాసయ్యాయి, వాళ్ల సర్వర్‌లో విండోస్‌లో మాత్రం ఫెయిల్. అక్కడే ఆగిపోయి ఇక్కడ అడిగాను.

"టెస్ట్ ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పావా?" అని ఇక్కడ ఒక అన్న అడిగిందే సరైన ప్రశ్న. నేను చెప్పలేదు. చెప్పకపోతే ఆ విండోస్ మెషీన్ ఫైల్‌ను తెలుగు రాయగలిగే యూటీఎఫ్-8గా కాక, ఇంగ్లీషు లాంటి యూరప్ భాషలకే సరిపోయే పాత ఎన్‌కోడింగ్ సీపీ1252గా చదువుతుంది. పొల్లుకు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, చివరిది 8డి (8D), దానికి సీపీ1252లో ఏ అక్షరమూ లేదు, అందుకే చదవడం అక్కడ ఎర్రర్‌తో ఆగిపోయింది. ఫైల్‌లో మొదటి మాట నల్లగొండే కాబట్టి ఎర్రర్‌లో 'పొజిషన్ 8' అని వచ్చింది, సున్నా నుంచి లెక్కపెడితే సరిగ్గా పొల్లు చివరి బైటే! ఇది అర్థమయ్యాక ఎంత సంతోషమేసిందో.

ఫైల్ తెరిచే ఓపెన్ (open) ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయగానే అన్నీ పాస్. రీబేస్ చేయడం (నా మార్పులను వాళ్ల తాజా కోడ్ మీదకు తేవడం), పైథాన్ వెర్షన్ మార్చడం కూడా చేసి చూశాను, వాటికీ దీనికీ సంబంధం లేదు.

నిన్న రాత్రి మెర్జ్ చేశారు, అంటే నా సవరణను లైబ్రరీలో కలిపేశారు. మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ కూడా ఇప్పుడు ఆ టెస్టుల్లో ఉన్నాయి.